ఫన్నెల్ ఓపెన్‌గా పెట్టాలా, క్లోజ్డ్‌గా పెట్టాలా?

ఒకే సైటుకు, ఒకే తేదీలకు రెండు ఫన్నెళ్ళు (సైటుకు వచ్చినవారిలో ఎంతమంది మెట్టు మెట్టుగా కొనుగోలు దాకా చేరారో చూపే నివేదికలు) కడితే సంఖ్యలు కలవడం లేదు, దేన్ని నమ్మాలి అని అడిగారు. రెండూ సరైనవే కావచ్చు, అవి లెక్కపెట్టే మనుషులు వేరు.

మా పిన్ని పచ్చళ్ళ సైటు నేనే చూస్తాను. సైటుకు వచ్చినవారు ఏం చేశారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ 4లో మొదటిసారి హోమ్ పేజీ, పచ్చడి పేజీ, కార్టు, చెల్లింపు అని ముచ్చటగా మెట్లు పేర్చి క్లోజ్డ్‌గా వదిలేశాను. నెల తిరిగేసరికి పిన్ని ఆర్డర్ల పుస్తకంలో ఉన్నవాటిలో సగం కూడా ఫన్నెల్ చివరికి చేరలేదు. "నీ కంప్యూటర్ కంటే నా పుస్తకమే నయం" అంది. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి నేరుగా గోంగూర పేజీలో దిగేవాళ్ళే మాకు ఎక్కువ. క్లోజ్డ్‌లో మొదటి మెట్టు తొక్కనివారు తర్వాత కొన్నా లెక్కలోకి రారు.

వెంటనే ఓపెన్ చేశాను. అదీ కుదరలేదు. ఓపెన్‌లో ఎవరైనా ఏ మెట్టు దగ్గరైనా చేరవచ్చు కాబట్టి, ఒక్కోసారి రెండో మెట్టు కంటే మూడో మెట్టులోనే జనం ఎక్కువగా కనిపిస్తారు. జనం ఎక్కడి నుంచి లోపలికి వస్తున్నారో చూడటానికి అది మంచిదే, ఎక్కడ జారిపోతున్నారో చెప్పడానికి పనికిరాదు. చివరికి క్లోజ్డ్‌గానే ఉంచి, హోమ్ పేజీని తీసేసి, వ్యూ ఐటెమ్ ఈవెంట్‌ను (ఎవరైనా పచ్చడి పేజీ చూసినప్పుడు నమోదయ్యేది) మొదటి మెట్టు చేశాను. హోమ్ పేజీని మొదటి మెట్టుగా పెట్టడమే అసలు తప్పు.

మెట్టుకూ మెట్టుకూ మధ్య "ఇన్‌డైరెక్ట్‌లీ ఫాలోడ్ బై" ఉంచండి. "డైరెక్ట్‌లీ ఫాలోడ్ బై" ఎంచుకుంటే మధ్యలో పేజీని కిందికి జరిపిన ఈవెంట్ వచ్చినా మనిషి జారిపోయినట్టే లెక్క. సమయ పరిమితి కూడా వద్దు. రాత్రి కార్టులో వేసి, ఇంట్లో అడిగి, మర్నాడు కొనేవారు మన దగ్గర తక్కువా?

నన్ను ఎక్కువగా ఏడిపించింది యూపీఐ. కొనేవారు ఫోనులో యూపీఐ యాప్‌లోకి వెళ్ళి డబ్బు కట్టేసి, మళ్ళీ బ్రౌజరుకు రారు. ధన్యవాదాల పేజీ తెరుచుకోదు, కొన్నట్టు నమోదు చేసే పర్చేజ్ ఈవెంట్ వెళ్ళదు. ఏ సెట్టింగూ దీన్ని సరిచేయదు. చెల్లింపు ఖాయమైనట్టు గేట్‌వే (మా సైటుకు డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) చెప్పగానే మా సర్వరు నుంచే ఆ ఈవెంట్ పంపేలా మార్చి, పేజీలో ఉన్నదాన్ని తీసేశాను. దానితోపాటు ఆ బ్రౌజరు క్లయింట్ ఐడీ (దాన్ని గుర్తుపట్టే గుర్తింపు సంఖ్య) కూడా వెళ్ళాలి. లేకపోతే కొన్న మనిషి కొత్తవాడిగా నమోదై ఫన్నెల్ బయటే ఉండిపోతాడు. ఇది తెలియక ఒక వారం వృథా చేశాను.

డేటా నిల్వ కాలం, అంటే ఫన్నెల్ ఎంత వెనక్కి చూడగలదో, చూసుకున్నారా? మార్చకపోతే 2 నెలలే, 14 నెలలకు పెంచుకోవచ్చు. నిన్నటి సంఖ్యలు ఇవాళ చూసి కంగారు పడకండి, స్థిరపడటానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు.

ఇప్పటికీ వారానికోసారి పిన్ని పుస్తకంతో సరిచూస్తాను. ఫన్నెల్ మనుషులను లెక్కిస్తుంది, పుస్తకం ఆర్డర్లను. ఒకే మనిషి రెండుసార్లు కొంటే ఆ మేరకు తేడా ఉంటుంది. మీ రెండు ఫన్నెళ్ళలో మొదటి మెట్టు ఏమిటో రాయండి, చూసి చెబుతాను.