ఏడాది జీతం శాన్‌హోసేలో 1,80,000 డాలర్లా, డాలస్‌లో 1,40,000 డాలర్లా: ఏది మేలు?

40 వేల తేడా చూసి తొందరపడకండి. డాలస్ ఉన్న టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. శాన్‌హోసే ఉన్న కాలిఫోర్నియాలో ఒంటరివారికి 1,80,000 జీతం మీద ఏటా 12 వేల డాలర్లకు పైనే పోతుంది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్నులు కూడా తీసేస్తే తేడా 14 వేల దరిదాపుల్లో, అంటే నెలకు 1,200 మిగులుతుంది. రెండు ఊళ్ల మధ్య రెండు పడగ్గదుల ఇంటి అద్దె తేడాలోనే అది ఆవిరైపోతుంది!

కాబట్టి డబ్బు వరకే అయితే నా ఓటు డాలస్‌కే.

ఇల్లు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. డాలస్‌లో ఇంటి ధర సగం లోపే, కానీ ఆస్తి పన్ను చాలాచోట్ల 2 శాతం దగ్గర. 5 లక్షల ఇంటికి ఏటా 10 వేలు! కాలిఫోర్నియాలో 1978 నుంచి మూల ఆస్తి పన్ను 1 శాతమే. ఇల్లు చేతులు మారనంత కాలం పన్ను కట్టే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు.