ఇమ్మిగ్రేషన్ లాయర్ అవుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం చదువుతోంది. అమెరికాలో ఇమ్మిగ్రేషన్ లాయర్ అయ్యి మనవాళ్లకు సాయం చేస్తానంటోంది. బంధువులు సీఏ చేయించమంటున్నారు. సేవ చేస్తూ కూర్చుంటే ఇల్లు గడుస్తుందా?
- ఒక తండ్రి

జవాబు: ఇల్లు గడుస్తుందండీ. ఈ వృత్తిలో రెండు రకాల పనులున్నాయి. ఒకటి కంపెనీల పని: హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), గ్రీన్‌కార్డ్ పిటిషన్లు. హెచ్‌1బీ కోటా ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు. దరఖాస్తులు అంతకంటే ఎక్కువే వస్తాయి కాబట్టి లాయర్లకు పనికి లోటుండదు, ఫీజులు కంపెనీలే కడతాయి.

రెండోది ఇమ్మిగ్రేషన్ కోర్టు, అంటే ఒక మనిషిని దేశం నుంచి పంపేయాలా వద్దా అని తేల్చే చోటు. అక్కడ క్రిమినల్ కేసుల్లోలా ప్రభుత్వం లాయర్‌ని పెట్టదు. డబ్బు లేనివాడు జడ్జి ముందు ఒంటరిగా నిలబడాల్సిందే. మీ అమ్మాయి చెప్పే సేవకు చోటు ఇక్కడే. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. అధికారులే పెట్టిన ఆ నకిలీ యూనివర్సిటీలో పేరు రాయించుకుని అరెస్టయినవాళ్లలో చాలామంది తెలుగు పిల్లలే. అప్పుడు తెలుగు సంఘాలు పరుగున వెతికింది లాయర్ల కోసమే. కంపెనీల పనితో ఆఫీసు నడుపుకుంటూ ఇలాంటి కేసులు ఉచితంగా చూసే లాయర్లు అక్కడ ఉన్నారు.

దారి చెబుతాను. ముందు ఇక్కడే ఐదేళ్ల లా, అదీ రెగ్యులర్ కాలేజీలో. తర్వాత అమెరికాలో ఏడాది ఎల్ఎల్ఎం (లాలో మాస్టర్స్), ఆపైన న్యూయార్క్ బార్ పరీక్ష, అంటే లాయర్ లైసెన్సు కోసం రాసే పరీక్ష. విదేశాల్లో లా చదివినవాళ్లకు న్యూయార్క్ అవకాశమిస్తుంది. ఇమ్మిగ్రేషన్ చట్టం కేంద్రానిది కాబట్టి, ఒక రాష్ట్రం లైసెన్సుతో ఈ కేసులు ఏ రాష్ట్రంలోనైనా చూడొచ్చు. ఇంకో మాట, న్యూయార్క్‌లో లైసెన్స్ ఇచ్చే ముందే 50 గంటలు ఉచిత న్యాయసేవ చేయాలనే నియమం ఉంది. మీ అమ్మాయికి అది నచ్చుతుంది.

మీకు టెన్షన్ పెట్టే విషయం కూడా దాచను. లా చదువు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కిందకు రాదు. ఎంఎస్ పిల్లలకు ఓపీటీ (చదువు అయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) మీద వచ్చే అదనపు 24 నెలలు ఈమెకు రావు, 12 నెలలే. ఊరందరి హెచ్‌1బీ చూద్దామని వెళ్లిన పిల్ల తన హెచ్‌1బీ లాటరీ కోసం ఎదురుచూడాలి! అందుకే పొలం అమ్మో, పెద్ద అప్పు చేసో ఎల్ఎల్ఎంకి పంపమని నేను చెప్పను. స్కాలర్‌షిప్ వస్తే వేరే సంగతి.

అయినా వలస చట్టం అంటే అమెరికా ఒక్కటేనా? కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి గల్ఫ్‌కి వెళ్లి ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్ల కేసులు ఎవరు చూస్తున్నారు? 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంటుకి లైసెన్స్ ఉందా లేదా అని అడిగే ఒక్క లాయర్ దగ్గరుంటే ఎన్ని కుటుంబాలు అప్పుల్లో పడకుండా ఉండేవో. లా మొదటి ఏడాదిలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి పారా లీగల్ వాలంటీర్‌గా, అంటే జనానికి న్యాయసాయం అందేలా చూసే కార్యకర్తగా పనిచేసే అవకాశం అడగమనండి. ఏడుస్తూ వచ్చిన మనిషి చెప్పేది ఓపిగ్గా విని, తేదీలతో సహా కాగితం మీద పెట్టడం అక్కడ వస్తుంది. అమెరికాలో ఆమె చేయబోయే పనిలో సగం అదే.

హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో సీటు కావాలంటే క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. అది డిసెంబరులో ఉంటుంది కాబట్టి ఇంటర్ అయ్యాక చూద్దాం అంటే కుదరదు. రాష్ట్రంలోని మిగతా లా కాలేజీలకు లాసెట్ ప్రవేశ పరీక్ష ఉంది, దానికి ఇంటర్‌లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం మార్కులు చాలు. రెండూ రాయించండి.