కొలత టేపుతో యాగీ: గుంటూరు డాబా నుంచి విజయవాడ అందుకోవాలంటే

విజయవాడ

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

బ్రాడీపేటలో డాబా ఎక్కినా ఇక్కడి హ్యామ్ రేడియో స్టేషన్లు నీ హ్యాండీలో (చేతి వైర్‌లెస్ సెట్లో) ముక్కలు ముక్కలుగానే వినిపిస్తున్నాయని రాశావు. పవర్ పెంచే ఆంప్లిఫయర్ కొననా అని అడిగావు. కొనొద్దమ్మా. ఆంప్లిఫయర్ నీ గొంతును ఇవతలికి చేరుస్తుందే గాని ఇవతలి గొంతును నీకు వినిపించలేదు. పైగా బ్యాటరీని తినేస్తుంది. మంచి యాంటెన్నా అయితే పంపేటప్పుడూ వినేటప్పుడూ ఒకేలా పనికొస్తుంది. హ్యాండీతో వచ్చే రబ్బరు యాంటెన్నా మామూలు డైపోల్ (రెండు సమాన సగాల సాదా యాంటెన్నా) కన్నా 5 డెసిబెల్ పైగా వెనకబడి ఉంటుంది. మూడు ఎలిమెంట్ల యాగీ, అంటే ఒక పైపు మీద మూడు అడ్డ కడ్డీలతో ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా, డైపోల్‌ను 5 డెసిబెల్ దాకా మించుతుంది. రెండూ కలిపితే తేడా 10 డెసిబెల్, పవర్‌లో పది రెట్లు. అంటే నీ 5 వాట్లు ఆ దిక్కున 50 వాట్లలా చేరతాయి.

నీకు లైసెన్సుతో వచ్చిన వీయూ3 కాల్ సైన్ ఉంది, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మన బ్యాండు, కాబట్టి నిశ్చింతగా చెయ్యి. లైసెన్సు లేని స్నేహితులకు మాత్రం ఇది చేసిచ్చి మాట్లాడమనకు. పరీక్ష రాసి రమ్మను.

ముందు దూరం సంగతి చూద్దాం. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. నీ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే నీ రేడియో హోరిజోన్ (సిగ్నల్ అందే అంచు) కిలోమీటర్లలో వస్తుంది. 12 మీటర్ల డాబాకు 14 కిలోమీటర్లు. అవతలివాళ్లదీ అంతే ఎత్తయితే మొత్తం 28. గుంటూరు, విజయవాడల మధ్య నేరు దూరం 31 కిలోమీటర్ల దాకా ఉంది, అంటే అంచు మీద ఉన్నావు. దానికి తోడు మంగళగిరి కొండ దాదాపు ఆ గీత మీదే నిలబడి ఉంటుంది. అంచు మీది సిగ్నల్‌ను మాట అర్థమయ్యే స్థాయికి తెచ్చే పని యాగీ చేస్తుంది. నేల మీద నిలబడి మాట్లాడితే నీ హోరిజోన్ 5 కిలోమీటర్లే, అక్కడ ఏ యాంటెన్నా నిన్ను గట్టెక్కించలేదు.

మొదటిసారి అల్యూమినియం రాడ్ల జోలికి పోకు. ఇంట్లో కొలతలకు వాడే స్టీలు టేపుతో చెయ్యి. దాన్ని కత్తెరతో కోయవచ్చు, ఎటు వంచినా మళ్లీ నిటారుగా నిలుస్తుంది, చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న టేపే కావాలి. 7.5 మీటర్లవి సాధారణంగా ఆ వెడల్పులో వస్తాయి, ఒక్క టేపులో రెండు యాంటెన్నాలు తేలతాయి. మిగతావన్నీ పట్నం బజారు హార్డ్‌వేర్ కొట్లలోనే దొరుకుతాయి. అర అంగుళం పీవీసీ నీళ్ల పైపు ఒక మీటరు, దానికి సరిపోయే నాలుగు దారుల క్రాస్‌లు రెండు, టీ ఒకటి, హోస్ క్లిప్పులు ఆరు తీసుకో. కరెంటు వైరింగుకు వాడే పల్చటి పైపు తీసుకోకు, మన ఎండకు వంగిపోతుంది. ఇంకా కావాల్సినవి 1.6 మిల్లీమీటర్ల గట్టి రాగి తీగ ఒక జానెడు, 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 కేబుల్ మూడు మీటర్లు. డిష్ కేబుల్ వాడదామనిపిస్తుంది, వద్దు. అది 75 ఓమ్‌లది, పైగా దాని అల్లికలో (మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు వలలో) అల్యూమినియం ఉంటుంది, సోల్డర్ పట్టదు.

టేపు కోసేముందు జాగ్రత్త. డబ్బాలో స్ప్రింగు బిగువుగా ఉంటుంది. స్క్రూలు విప్పి స్ప్రింగు తీసే పని పెట్టుకోకు. టేపు బయటికి లాగి, లాక్ వేసి, కావలసినంత కోసుకో. మిగిలిన కొసను వదిలేస్తే కత్తిలా లోపలికి దూసుకుపోతుంది, చేత్తో పట్టుకునే నెమ్మదిగా వదులు. కోసిన ప్రతి మూలనూ గుండ్రంగా కత్తిరించి ఇన్సులేషన్ టేపు చుట్టు. ఈ కొసలు కళ్ల ఎత్తులో ఊగుతుంటాయి, డాబా మీద పిల్లలు తిరుగుతుంటారు.

145 మెగాహెర్ట్జ్‌కు కొలతలు మిల్లీమీటర్లలో ఇవి:

రిఫ్లెక్టర్ (వెనక ఎలిమెంటు): 1060
డ్రివెన్ ఎలిమెంట్ (మధ్యది, కేబుల్ అతికేది): ఒక్కో సగం 460 (సరిచేశాక 455 దగ్గరికి వస్తుంది)
డైరెక్టర్ (ముందు ఎలిమెంటు): 900
రిఫ్లెక్టర్ నుంచి డ్రివెన్‌కు: 205
డ్రివెన్ నుంచి డైరెక్టర్‌కు: 320
డ్రివెన్ సగాల మధ్య ఖాళీ: 25

అమెరికా వాళ్ల కొలతలు నీకు ఎదురైతే అవి ఒక శాతం పొట్టిగా కనిపిస్తాయి. వాళ్ల బ్యాండు 148 దాకా ఉంటుంది, మనది 146తో ఆగిపోతుంది. వాటిని యథాతథంగా కోస్తే యాంటెన్నా మన బ్యాండు పైకి ట్యూన్ అవుతుంది. 205, 320 అన్నవి ఎలిమెంట్ మధ్య నుంచి ఎలిమెంట్ మధ్యకు తీసుకునే కొలతలు, పైపు ముక్క పొడవులు కావు. క్రాస్ లోపలికి పైపు ఎంత దిగుతుందో చూసి ఆ మేరకు పైపు కోయాలి. పైపులు అతికించే సొల్యూషన్ రాయకుండా ముందు బిగించి కొలువు, సరిగ్గా వచ్చాకే రాయి. ఆ సొల్యూషన్ క్షణాల్లో పట్టేస్తుంది, మళ్లీ ఊడదు. రిఫ్లెక్టర్‌కు, డ్రివెన్‌కు క్రాస్‌లు, ముందు కొసన డైరెక్టర్‌కు టీ. రిఫ్లెక్టర్ వెనక మిగిలిన పైపు నీ పిడి.

ఇక ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే, నెమ్మదిగా చదువు. టేపు మీది రంగు కరెంటును పోనివ్వదు. డ్రివెన్ సగాల లోపలి కొసల్లో రెండు సెంటీమీటర్ల మేర ఇసుక కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకు. ఎలక్ట్రానిక్స్‌కు వాడే రోజిన్ ఫ్లక్స్ స్టీలు మీద సరిగా పట్టదు, రేకుల పనివాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ కావాలి. చిన్న 25 వాట్ల ఐరన్ కూడా చాలదు, టేపు ఆ వేడినంతా లాగేసుకుంటుంది. 60 వాట్లు అయినా ఉండాలి. టేపును పైపుకు బిగించకముందే సోల్డర్ పూత పూయి, లేకపోతే పీవీసీ కరిగిపోతుంది. పూత పూశాక యాసిడ్‌ను తడిగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యి, ఉండిపోతే నెలలోపే తుప్పు మొదలవుతుంది. సోల్డరింగ్ కుదరకపోతే మేకుతో చిల్లి కొట్టి, చిన్న బోల్టు, పళ్ల వాషర్, రింగ్ లగ్ పెట్టి బిగించు. ఆ టేపు గట్టి స్టీలు, డ్రిల్ బిట్ దాని మీద జారిపోతుంది.

టేపు గుంటగా ఉన్న వైపు పైపును కరుచుకునేలా పెట్టి, క్రాస్ చేతుల మీద ఒక్కోవైపు ఒక్కో క్లిప్పుతో బిగించు. డ్రివెన్ సగాల మధ్య 25 మిల్లీమీటర్ల ఖాళీకి అటొకటి ఇటొకటిగా కేబుల్ అతకాలి. మధ్య తీగ ఒక సగానికి, అల్లిక ఇంకో సగానికి. విడిగా విప్పిన కొసలు రెండు సెంటీమీటర్లకు మించకూడదు, ఆ కొసలు కూడా యాంటెన్నాలో భాగమైపోతాయి.

తర్వాత హెయిర్‌పిన్. 13 సెంటీమీటర్ల రాగి తీగను యు ఆకారంలో వంచు, కాళ్ల మధ్య దాదాపు 2 సెంటీమీటర్లు. రెండు కొసలనూ రెండు డ్రివెన్ సగాలకు, కేబుల్ అతికిన చోటే అతుకు. యు భాగాన్ని పైపు వెంట పడుకోబెట్టు. దీని పని చెప్తాను, తెలియకపోతే నువ్వే పీకేస్తావు. పక్కన రిఫ్లెక్టర్, డైరెక్టర్ ఉండడం వల్ల డ్రివెన్ దగ్గర ఇంపిడెన్స్ (రేడియో కరెంటుకు ఎదురయ్యే నిరోధం) 50 ఓమ్‌ల కన్నా బాగా పడిపోతుంది. డ్రివెన్‌ను కావాలనే కాస్త పొట్టిగా ఉంచితే అది కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది, హెయిర్‌పిన్ కాయిల్‌లా ప్రవర్తిస్తుంది, రెండూ కలిసి దాన్ని 50కి లేపుతాయి. అందుకే డ్రివెన్ పొడవు పుస్తకంలోని అర్ధ తరంగం సూత్రానికి సరిపోదు. సూత్రం చూసి పొడవు పెంచావంటే మ్యాచింగ్ మొత్తం పోతుంది.

ఇంకో సంగతి. హెయిర్‌పిన్ పెట్టాక మల్టీమీటర్‌తో కేబుల్ చూస్తే మధ్య తీగకూ అల్లికకూ షార్ట్ అని కూత పెడుతుంది. కంగారుపడకు, నేరు కరెంటుకు (డీసీకి) అది షార్టే, 145 మెగాహెర్ట్జ్‌కు కాదు. నీ కేబుల్‌లో అసలు షార్ట్ ఉందో లేదో తెలుసుకోవాలంటే హెయిర్‌పిన్ అతకకముందే చూసుకోవాలి.

అతుకు దగ్గర నుంచి కేబుల్‌ను పైపు వెంట వెనక్కి తీసుకెళ్లు. దారిలో 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఐదారు చుట్లు చుట్టి పైపుకు కట్టెయ్యి. ఈ చుట్లు లేకపోతే అల్లిక బయటి వైపు మీద కూడా కరెంటు పారుతుంది, కేబుల్ తాకితే, పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె ఎస్‌డబ్ల్యూఆర్ మారుతుంది, యాంటెన్నా వెనక వైపు కూడా వినడం మొదలుపెడుతుంది. కేబుల్ రిఫ్లెక్టర్ దాటాకే కిందికి దిగాలి. మధ్యలో వేలాడితే నిలువు ఎలిమెంట్లకు సమాంతరంగా ఇంకో తీగ పెట్టినట్టే అవుతుంది. ఇనుప గొట్టానికి కట్టినా ఇదే తంటా, అందుకే పట్టుకున్నా కట్టినా రిఫ్లెక్టర్ వెనక నుంచే.

కనెక్టర్ చూసి కొను. చైనా హ్యాండీల మీద ఉండేది ఎస్ఎంఏ మేల్, కాబట్టి కేబుల్‌కు ఫీమేల్ కావాలి. యాయెసు (Yaesu), ఐకామ్ కంపెనీల హ్యాండీలకు సాధారణంగా దీనికి తిరగేసి ఉంటుంది. ఆర్‌జీ-58ను నేరుగా హ్యాండీకి తగిలించకు. ఆ బరువుకు, మెలికకు హ్యాండీ సాకెట్ లోపలి సోల్డర్ విరుగుతుంది. జానెడున్నర సన్నటి మెత్తటి కేబుల్ ఒకటి మధ్యలో పెట్టు. గదిలో కూర్చుని మాట్లాడాలని డాబా నుంచి పొడవాటి కేబుల్ లాగావంటే సంపాదించిందంతా అందులోనే పోతుంది. ఆర్‌జీ-58 పది మీటర్లకు ఈ బ్యాండులో దాదాపు 2 డెసిబెల్ తింటుంది, అంటే పవర్‌లో మూడో వంతు పైనే. హ్యాండీ పట్టుకుని నువ్వే పైకి వెళ్లు.

ట్యూనింగుకు మీ కాలేజీ ల్యాబ్‌లో నానో వీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) ఉంటుంది, అడుగు. కేబుల్ కొసన దాంతో వచ్చే ఓపెన్, షార్ట్, లోడ్ ముక్కలు పెట్టి క్యాలిబ్రేట్ చేశాకే చూడు. యాంటెన్నా ఎలిమెంట్లు నిలువుగా ఉండాలి, డాబా మీద ఖాళీ జాగాలో ఉండాలి. గదిలో పెట్టి కొలిస్తే స్లాబులోని ఇనుమును కొలిచినట్టే. 140 నుంచి 150 దాకా చూసి ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కడ తగ్గుతోందో పట్టుకో. 460తో మొదలుపెట్టావు గనక 145 కన్నా కిందే తగ్గుతుంది. రెండు సగాల బయటి కొసల్లోనూ సమానంగా, ఒకసారికి 3 మిల్లీమీటర్లే కోయి. ఒక్కో కోతకు దాదాపు 1 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. సరైన చోటికి వచ్చినా 1.5 కన్నా తగ్గకపోతే కోయడం ఆపి, హెయిర్‌పిన్ కాళ్లను కాస్త దగ్గరికో దూరానికో వంచి చూడు. రిఫ్లెక్టర్, డైరెక్టర్ ముట్టుకోకు. 1.5 వచ్చిందంటే తిరిగొచ్చే పవర్ 4 శాతమే, ఇంకా తగ్గించాలని కూర్చోవడం వృథా. మీటర్ దొరక్కపోతే 455 దగ్గర ఆపి, తక్కువ పవర్‌లో క్లుప్తంగా మాట్లాడి, హ్యాండీ మామూలు కన్నా వేడెక్కుతోందేమో చూస్తూ ఉండు.

నీ హ్యాండీ రెండు బ్యాండులదైనా ఈ యాంటెన్నా మీద 435 ప్రాంతంలో మాట్లాడకు. మూడింతల ఫ్రీక్వెన్సీ గనక ఎస్‌డబ్ల్యూఆర్ ఒక్కోసారి బాగానే కనిపిస్తుంది, కాని సిగ్నల్ ముందుకు పోకుండా నలుదిక్కులా చీలిపోతుంది.

వాడేటప్పుడు ఎలిమెంట్లు నిలువుగా పట్టు. ఎఫ్ఎంలో మాట్లాడే మన హ్యామ్ స్టేషన్లు దాదాపు అన్నీ నిలువు యాంటెన్నాలతోనే ఉంటాయి, అడ్డంగా పడుకోబెడితే 20 డెసిబెల్ దాకా పోతుంది. చిన్న పక్క ముందు, అంటే డైరెక్టర్ విజయవాడ వైపు, నీకు ఈశాన్యానికి. నిలువుగా పట్టినప్పుడు ముందు వైపు కిరణం చాలా వెడల్పు, పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ అయినా తేడా తెలియదు. వెనక వైపు మాత్రం బాగా చెవుడు. అందుకే పరీక్షించాలంటే ముందు, వెనక పోల్చు. దగ్గరి స్టేషన్‌తో పోలిస్తే ఏమీ తేలదు, సిగ్నల్ నేరుగా హ్యాండీ ఒంట్లోకే దూరుతుంది. గరగరలాడుతూ అందే బలహీనమైన స్టేషన్‌ను పట్టుకుని తిప్పు. మంగళగిరి కొండ అడ్డొస్తే డాబా మీద నాలుగడుగులు పక్కకు జరిగి చూడు, మీటరు తేడాలో కూడా సిగ్నల్ లేచి పడుతుంది. నేరుగా రాకపోతే రెండు ఊళ్లకూ కనిపించే వేరే కొండ వైపు ఇద్దరూ తిప్పి చూడండి, దాని మీద తగిలి ఒక్కోసారి అందుతుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800లో మాటలో, బొమ్మల సిగ్నలో పంపుతున్న రోజు ఉంటే మంచి పరీక్ష. పది నిమిషాల్లో దాటిపోతుంది. దాని వెంట తిప్పుతూ, మధ్యమధ్య మణికట్టు తిప్పి ఎలిమెంట్ల వాలు మార్చు, ఏ వాలులో స్పష్టంగా ఉంటే అలా ఉంచు.

మీ సందులో డాబా అంచుకు దగ్గరగా 11 కేవీ తీగలు పోతుంటే ఆ వైపు అసలు వెళ్లకు. మీటరు పొడవు స్టీలు నీ చేతిలో ఊగుతోందని మర్చిపోవద్దు. ఉరుము వినపడితే వెంటనే దిగిపో. దీన్ని డాబా మీద శాశ్వతంగా కట్టి వదిలేయకు, గాలికి టేపు మడతలు పడి విరుగుతుంది, వానకు తుప్పు పడుతుంది. శాశ్వతంగా కావాలంటే 10 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టాలతో చేద్దాం, వాటికి కొలతలు వేరే, సన్నటి ఎలిమెంటు కాస్త పొడవుండాలి. ఈ కొలతలు దానికి వాడకు.

డ్రివెన్ మొదటి కోతకు ముందే నానో వీఎన్ఏ తెర ఫొటో తీసి పంపు. కోశాక పంపితే నేను చెప్పగలిగేది తక్కువ.

ఆశీస్సులతో,
పెదనాన్న