పొట్టు, బూడిద, తొక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కోనసీమలో మాకు పీచు మిల్లు ఉంది. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీయగా మిగిలిన పొట్టును నర్సరీవాళ్లకు ఇస్తే, నారు మాడిపోతోందని తిప్పి పంపారు. పొట్టులో లోపమా, వాళ్లు వాడే తీరులో లోపమా?

జవాబు: చాలావరకు పొట్టులోనే. ముందు ఉప్పు సంగతి చూడండి. కొబ్బరి డొక్కలో సహజంగానే పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఉంటాయి. ఆ డొక్కల్ని ఉప్పునీటి కాలువలో నానబెడితే ఇంకా పెరుగుతాయి. ఒక వంతు పొట్టుకు ఐదు వంతుల మంచినీళ్లు పోసి, బాగా కలిపి, అరగంట ఆగి వడకట్టి ఈసీ మీటరుతో (నీటిలో కరిగిన ఉప్పు ఎంతో చూపే పరికరం) చూడండి. 0.5 మిల్లీసీమెన్స్ లోపు ఉంటే నారుకు పనికొస్తుంది. 1 దాటితే నర్సరీకి ఇవ్వకండి. పరీక్షకు వాడే నీటి ఈసీ ముందుగా చూసుకోవాలి. తీరం దగ్గర బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో ఎన్నిసార్లు కడిగినా ఫలితం ఉండదు.

వాలుగా ఉన్న సిమెంటు గచ్చు మీద పొట్టు పరిచి మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. వానాకాలంలో ఆరుబయట పరిచి ఉంచితే సగం పని వానే చేస్తుంది. దిగే గోధుమరంగు నీళ్లలో టానిన్లు (వగరు పదార్థాలు) ఉంటాయి కాబట్టి పంట కాలువలోకి వదలకుండా గుంటలోకి మళ్లించండి.

కడిగితే ఈసీ తగ్గుతుంది గానీ పొట్టును అంటిపెట్టుకున్న సోడియం అంత తేలిగ్గా వదలదు. తర్వాత మొక్కకు వేసిన కాల్షియాన్ని పొట్టు పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతుంది. అందుకే గ్రో బ్యాగులకు (మొక్కలు పెంచే సంచులు) అమ్మేవాళ్లు లీటరు నీటికి 5 నుంచి 10 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి, అందులో ఒక రోజు నానబెట్టి, మళ్లీ కడుగుతారు. ఈ మెట్టు ఎగ్గొట్టిన సరుకే ఎక్కువగా వెనక్కి వస్తుంది.

పొలానికి ఎరువుగా అమ్మాలంటే దారి వేరు. పచ్చి పొట్టులో కర్బనం నత్రజనికి దాదాపు 112 రెట్లు. అలాగే చల్లితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుని పైరు పసుపుబారుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే పద్ధతిలో టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, 5 సీసాల ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం కావాలి. నీడలో 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు జాగాలో 100 కిలోల పొట్టు పరిచి దాని మీద ఒక సీసా విత్తనం, పైన మరో 100 కిలోలు పరిచి కిలో యూరియా. ఇలా మార్చి మార్చి పది పొరలు వేయాలి. విత్తనాన్నీ యూరియానూ ఒకే పొరలో కుమ్మరిస్తే శిలీంధ్రం మొలవకముందే చస్తుంది. పిడికెడు తీసి పిండితే రెండు మూడు చుక్కలు రాలేంత తేమ చాలు. పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది, ఎక్కువ పోస్తే లోపల గాలి ఆడక పుల్లటి వాసన వస్తుంది. అమ్మోనియా ఘాటు తగిలితే గుట్ట ఎండిపోయిందనో యూరియా ఒకచోటే పడిందనో లెక్క. నెల, రెండు నెలల్లో నల్లబడి మట్టి వాసన వస్తే తయారైనట్టే, అప్పటికి కర్బనం 24 రెట్లకు దిగుతుంది. కాయిర్ (కొబ్బరి పీచు) బోర్డు పరిశోధన సంస్థ రూపొందించిన పిత్‌ప్లస్ కూడా ఇలా వాడే శిలీంధ్ర విత్తనమే. ఒక్క మాట: కంపోస్టు చేసినంత మాత్రాన ఉప్పు పోదు.

ప్రశ్న: మిర్యాలగూడలో మా రైస్ మిల్లు బాయిలర్ బూడిదను సిమెంటు ఇటుకలవాళ్లు ఒక లోడు తీసుకుంటారు, మరో లోడు వద్దంటారు. ఎందుకు?

జవాబు: టన్ను ధాన్యానికి సుమారు 200 కిలోల ఊక, అది కాలితే 40 కిలోల బూడిద. అందులో 85 నుంచి 90 శాతం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అయితే సిలికా ఉంటే సరిపోదు, అది ఏ వేడిలో కాలిందన్నది ముఖ్యం. 700 డిగ్రీల లోపు కాలితే సిలికా స్ఫటికంగా మారకుండా ఉండి సున్నంతో కలిసి గట్టిపడుతుంది. అంతకు బాగా మించితే స్ఫటికమై పనికిరాకుండా పోతుంది, పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. గాలి చాలక సగం కాలితే నల్లగా ఉంటుంది. ఆ మసి నీళ్లు తాగేసి సిమెంటు బలాన్ని దించుతుంది. ఇటుకలవాళ్లకు నచ్చేది బూడిదరంగు సరుకు.

కొలిమి అడుగు నుంచి తీసింది, సైక్లోన్‌లో (పొగలోని దుమ్మును వేరుచేసే పరికరం) పట్టింది వేర్వేరు సంచుల్లో కట్టండి. రెండూ కలిపి పంపడం వల్లే మీ లోడు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. కట్టెలు గానీ వేరుశనగ పొట్టు గానీ కలిపి కాల్చిన రోజు బూడిదను విడిగా పెట్టండి. నల్ల బూడిదను పారెయ్యక్కర్లేదు. ఉక్కు కర్మాగారాలు కరిగిన లోహం మీద వేడి పోకుండా కప్పడానికి కొంటాయి. తెల్ల సిలికా పొడి తయారీకి కాస్టిక్ సోడాలో ఉడికించి వడకట్టి, ఆ ద్రావణంలోంచి ఆమ్లంతో సిలికాను విరగ్గొడతారు. అది మిల్లు వెనక చేసే పని కాదు.

ప్రశ్న: చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి తోతాపురి తొక్కలు తెచ్చి గోబర్ గ్యాస్‌లో వేస్తున్నాం. మొదట బాగా వచ్చిన గ్యాస్ ఇప్పుడు అంటుకోవడం లేదు.

జవాబు: తొక్కలో చక్కెర ఎక్కువ. తొట్టిలో ఆమ్లాలు వేగంగా తయారవుతాయి, మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు అంత వేగంగా వాటిని తినలేవు. పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత, పులుపు పెరిగితే అంకె తగ్గుతుంది) 6.5 కంటే దిగితే ఆ సూక్ష్మజీవులు మూలపడతాయి. గ్యాస్ వస్తుంది గానీ బొగ్గుపులుసు వాయువే ఎక్కువ, అందుకే మండదు. తొక్క వేయడం ఆపి, సున్నపు తేటను కొంచెం కొంచెంగా కలుపుతూ రోజూ పీహెచ్ కాగితంతో చూడండి. 7 దగ్గర నిలిచాక కొన్ని రోజులు పేడే వేయండి. తర్వాత పేడ బరువులో పదో వంతు తొక్కతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. తొక్కలు ముక్కలు చేయాలి, టెంకలు అసలు పడకూడదు. అవి కుళ్లకుండా అడుగున చేరి దారి మూసేస్తాయి. సీజన్‌లో మిగిలే తొక్కలో రసం పీల్చడానికి వరిగడ్డి కలిపి, గాలి చొరకుండా తొక్కించి కప్పితే పులిసి నిల్వ ఉంటుంది.

ప్రశ్న: పలాస నుంచి జీడిపిక్క తొక్కు తెప్పించి మా హోటల్ పొయ్యిలో వాడదామా?

జవాబు: వద్దు. తొక్కులో నూటికి 20 పాళ్లకు పైగా ఘాటైన నూనె ఉంటుంది. దాని పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది, ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. నూనె పిండేవాళ్లకు అమ్మితే అది బ్రేక్ లైనింగుల్లోకీ రంగుల్లోకీ వెళుతుంది. పిండగా మిగిలిన చెక్కలోనూ కొంత నూనె ఉంటుంది కాబట్టి గాలి బాగా అందే బాయిలర్లలోనే కాల్చాలి, వంటింట్లో కాదు.