పాఠకుల ప్రశ్నలు: పవర్ బీఐలో తేదీల లెక్క

ప్రశ్న: పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్)లో ఎరువుల అమ్మకాల రిపోర్టు చేస్తున్నాను. టోటల్‌వైటీడీ (ఏడాది మొదటి నుంచి ఇప్పటిదాకా కూడిక) మొత్తం జనవరిలో మళ్లీ మొదటికొస్తోంది, మాకు ఏప్రిల్‌లో రావాలి. గత ఏడాది పోలిక కొన్నిచోట్ల ఖాళీగా ఉంటోంది. పవర్ క్వెరీలో (డేటాను తెచ్చి సరిచేసే భాగం) పనిచేసిన డేట్.యాడ్‌మంత్స్ మెజర్‌లో (రిపోర్టులో లెక్క కట్టే సూత్రం) ఎర్రర్ ఇస్తోంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎర్రర్ సంగతి ముందు. పవర్ క్వెరీ భాష పేరు ఎం (M), మెజర్ల భాష పేరు డాక్స్ (DAX). ఒకదాని ఫంక్షన్లు ఇంకొకదానికి తెలియవు. డాక్స్‌లో ఒక్క తేదీని నెలల లెక్కన జరపడానికి ఎడేట్ వాడండి. డేట్‌యాడ్ దగ్గర జాగ్రత్త: ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో అది ఒక్క తేదీ ఇస్తుంది, డాక్స్‌లో తేదీల పట్టికనే ఇస్తుంది. అందుకే దాన్ని క్యాలిక్యులేట్ ఫంక్షన్ లోపల ఫిల్టర్‌గా పెడతాం.

టోటల్‌వైటీడీ మామూలుగా డిసెంబర్ 31నే ఏడాది చివర అనుకుంటుంది. బ్రాకెట్లో చివరి విలువగా (ఆర్గ్యుమెంట్) కొటేషన్లలో "3-31" అని, అంటే మార్చి 31 అని ఇవ్వండి. అక్కడ కాలమ్ గానీ మెజర్ గానీ పెట్టకూడదు.

పోలికలో ఖాళీలకు కారణం చాలావరకు అమ్మకాల పట్టికలోని తేదీ కాలమ్‌నే వాడటం. ఈ ఏడాది మార్చి 5న బిల్లు లేకపోతే ఆ తేదీ కాలమ్‌లో ఉండదు, కాబట్టి నిరుటి మార్చి 5 అమ్మకం లెక్కలోకి రాదు. రోజుకో వరస ఉండే విడి తేదీల పట్టిక తప్పనిసరి. క్యాలెండర్ ఫంక్షన్‌తో మొదటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి చివరి ఏడాది మార్చి 31 దాకా తయారుచేసి, అమ్మకాల పట్టికలోని తేదీ కాలమ్‌తో సంబంధం (రిలేషన్‌షిప్) కలిపి, ‘మార్క్ యాజ్ డేట్ టేబుల్’ నొక్కండి. మోడల్‌లోని తేదీలను చూసి పట్టిక తయారుచేసే క్యాలెండర్‌ఆటోకు 3 (ఏడాది ముగిసే నెల) ఇచ్చినా కుదురుతుంది గానీ, మోడల్‌లో రైతుల పుట్టిన తేదీలుంటే పట్టిక 1950ల దాకా సాగిపోతుంది.

ఆర్థిక సంవత్సరం పేరుకు తేదీని ఎడేట్‌తో 3 నెలలు వెనక్కి జరిపి ఇయర్ తీయండి. 2025 ఫిబ్రవరి 10 కాస్తా 2024 నవంబర్ 10 అవుతుంది, అంటే 2024-25. త్రైమాసికం మొదటి నుంచి కూడే టోటల్‌క్యూటీడీని కదపక్కర్లేదు: మన త్రైమాసికాల హద్దులు క్యాలెండర్ త్రైమాసికాలతో కలుస్తాయి, మారేది వాటి నంబరే.

ప్రశ్న: బాకీల మీద నెలవారీ వడ్డీకి డేట్‌డిఫ్ (రెండు తేదీల మధ్య తేడా ఇచ్చే డాక్స్ ఫంక్షన్) వాడితే ఎక్కువ వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డేట్‌డిఫ్ లెక్కపెట్టేది నిండిన నెలల్ని కాదు, దాటిన నెల హద్దుల్ని. జనవరి 31న అప్పిస్తే ఫిబ్రవరి 1కే ‘1 నెల’ అంటుంది. ఒక్క రోజుకు నెల వడ్డీ వేస్తే బాకీదారుకు అన్యాయం. డేట్‌డిఫ్ ఇచ్చిన సంఖ్యను ఎన్ అనుకోండి. అప్పిచ్చిన తేదీకి ఎడేట్‌తో ఎన్ నెలలు కలపండి. వచ్చిన తేదీ ఈరోజును దాటిపోతే ఎన్ లోంచి 1 తీసేయండి.

‘ఈరోజు’కు టుడే వాడితే ఇంకో చిక్కుంది. పబ్లిష్ చేశాక పవర్ బీఐ సర్వీస్ (ఆన్‌లైన్ పవర్ బీఐ) యూటీసీ కాలం (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) చూస్తుంది, కాబట్టి మన ఉదయం 5:30 దాకా నిన్నటి తేదీయే వస్తుంది. దాని బదులు ఇప్పటి యూటీసీ సమయాన్నిచ్చే యూటీసీనౌకు టైమ్ ఫంక్షన్‌తో 5 గంటల 30 నిమిషాలు కలపండి.