తరిమితే దొరకవు, మేతకు అలవాటు చేసి పట్టండి

ప్రశ్న: మా తోట పక్కన ఎవరో రెండు పెంపుడు కుందేళ్లను వదిలేసి పోయారు. కొన్ని నెలలు తిరిగేసరికి పెద్దవీ చిన్నవీ కలిపి పది దాటాయి. గడ్డివామి కింద బొరియలు తవ్వుకుని ఉంటూ కూరగాయల నారు కొరికేస్తున్నాయి. వల వేశాం, కుక్కను ఉసిగొల్పాం. ఒకటి చచ్చిపోయింది గానీ మిగతావి చిక్కలేదు. రెండింటికి చెవుల మీద, ముక్కు మీద పొక్కులు కట్టాయి. విషం పెట్టమని ఒకరు, అడవిలో వదిలేయమని ఒకరు చెబుతున్నారు. చంపడం మాకు ఇష్టం లేదు. ప్రాణాలతో పట్టేదెలా? పట్టాక ఏం చేయాలి?
– ఒక రైతు

జవాబు: వలనూ కుక్కనూ ముందు పక్కన పెట్టేయండి. తరిమే కొద్దీ కుందేళ్లు బొరియ వదిలి రావడం తగ్గించేస్తాయి. మనిషి అలికిడి వినగానే దాక్కోవడం పిల్లలకూ అలవాటవుతుంది. పైగా కుందేలు ఎముకలు చాలా తేలిక, వెనక కాళ్ల కండ మాత్రం గట్టిది. వలలో చిక్కి గింజుకుంటే తన తన్నుకే నడుం ఎముక విరిగిపోతుంది. ఒంటి మీద గాయమేమీ లేకుండా ఒట్టి భయానికే చచ్చిపోవడం కూడా ఉంది.

పట్టబోయేది పెంపుడు కుందేలేనా అన్నది ఒకసారి చూసుకోండి. పొలాల్లో సహజంగా తిరిగే అడవి కుందేలు వేరే జాతి. కాళ్లు పొడుగ్గా, ఒళ్లు సన్నగా ఉంటుంది. బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న పల్లం చేసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు పుట్టుకతోనే బొచ్చుతో, కళ్లు తెరిచి ఉంటాయి. అవి గడ్డిలో ఒంటరిగా కనబడినా తల్లి వదిలేసినట్టు కాదు, ముట్టుకోకండి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తెల్లగా ఉన్నా, మచ్చలున్నా, చెవులు వేలాడుతున్నా అనుమానమే అక్కర్లేదు. కాకపోతే రకరకాల రంగులు కలిసినప్పుడు మట్టిరంగు పిల్లలూ పుడతాయి కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చకండి. మీరు చెప్పినట్టు వామి కింద తవ్వుకుని గుంపుగా ఉంటున్నాయంటే అవి పెంపుడువే.

ఇక రెండు కాస్తా పది ఎలా అయ్యాయో చూడండి. ఆడ కుందేలు 30, 31 రోజులకు ఈనుతుంది. ఆవు, గేదెల మాదిరిగా ఫలానా రోజున ఎదకు రావడం అంటూ ఉండదు, పోతుతో కలిసిన తర్వాతే అండం విడుదలవుతుంది. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఈతకు మామూలుగా 4 నుంచి 8 పిల్లలు. ఆ పిల్లలు నాలుగైదు నెలలకే ఈతకు సిద్ధం. కుక్కలు, పిల్లులు, గద్దలు, ఎండ కలిసి తీసుకుపోగా మిగిలినవే మీకు కనిపిస్తున్న ఈ పది. అందుకే సగం పట్టి సగం వదిలేస్తే పడిన కష్టమంతా వృథా. ఒక పోతు, ఒక ఆడది మిగిలినా చాలు, కొద్ది నెలల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది. పట్టే పని మొదలుపెట్టక ముందే పోతులకు వేరుగా, ఆడవాటికి వేరుగా చోట్లు సిద్ధం చేసుకోండి. చాలామంది పట్టడానికి నానా తంటాలు పడి, తీరా అన్నిటినీ ఒకే దొడ్లో పడేస్తారు. నెల తిరిగేసరికి దొడ్డి నిండా పిల్లలే.

కుందేళ్లు ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ మేతకు బయటికొస్తాయి. ఆ రెండింటిలో మీకు వీలైన వేళ చూసుకుని రోజూ అదే సమయానికి, అదే చోట, ఒకే మనిషి మేత పెట్టాలి. గోడో కంచో ఉన్న మూల అయితే తర్వాత పని సగం తగ్గుతుంది. కోసిన పచ్చగడ్డి, లూసర్న్, ముల్లంగి ఆకు, ఒకటి రెండు క్యారెట్ ముక్కలు వేసి చూడండి. దేని కోసం ఎగబడుతున్నాయో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. మేత పెట్టేటప్పుడు గిన్నె మీద తట్టడం లాంటి ఒకే చప్పుడు చేయండి. మొదట్లో మీరు వెళ్లిపోయాకే వస్తాయి. కొన్నాళ్లకు మీరు కాస్త దూరంలో కూర్చున్నా పట్టించుకోవు. అప్పుడు ఆశపడి చెయ్యి చాపారో, మొదటికే మోసం. ఒకదాన్ని పట్టబోతే మిగతావన్నీ మళ్లీ బొరియ పట్టేస్తాయి. ఆ రోజుల్లో మీరు చేయాల్సింది లెక్క రాసుకోవడం. పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని, ఏ రంగువి, ఏది కుంటుతోంది అన్నవి రాసుకుని, ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకుంటే ఆఖర్న ఏది మిగిలిందో వెతుక్కునే బాధ ఉండదు. మేత అక్కడ దొరుకుతుంటే నారు మీద దాడి కూడా కొంత తగ్గుతుంది. అయినా నారుమడి చుట్టూ 3 అడుగుల ఎత్తున సన్న కన్ను మెష్ కట్టి, అడుగు భాగాన్ని ఒక అడుగు లోతున బయటి వైపుకు వంచి పూడ్చండి. లేకపోతే కింద నుంచి తవ్వుకొస్తాయి.

నిలకడగా వచ్చి తింటున్నాయి అనుకున్నాక మేత చోటు చుట్టూ మెష్ ఫ్రేములు నిలబెట్టడం మొదలుపెట్టండి. ఒకేసారి కాదు, రోజుకొకటి చొప్పున. ఒక వైపు మాత్రం తెరిచి ఉంచాలి. లోపలికెళ్లి తినడం అలవాటయ్యాక, చల్లగా ఉన్న పూట చూసుకుని, ముగ్గురు నలుగురు మెల్లగా నడుస్తూ వెళ్లి ఆ వైపు మూసేయాలి. అరుపులు, పరుగులు వద్దు. మూసిన ఫ్రేములను కొంచెం కొంచెంగా లోపలికి జరిపితే అన్నీ ఒక మూలకు చేరతాయి. అప్పుడు ఒక్కొక్కదాని మీద మందపాటి తువ్వాలు కప్పి ఎత్తండి. కళ్లకు చీకటైతే కుందేలు గింజుకోవడం తగ్గుతుంది. చెవులు పట్టి ఎత్తడం వద్దే వద్దు. ఒక చెయ్యి రొమ్ము కింద, రెండో చెయ్యి పిరుదుల కింద ఆనించి, ఒళ్లు మీ పొట్టకు తగిలేలా, తల మీ చంకలోకి దూరేలా పట్టుకోండి. వెనక కాళ్లకు ఆసరా లేకుండా వేలాడితేనే అది తన్నుకుంటుంది.

దడికి లొంగని గడుసువి ఒకటో రెండో ఉంటాయి. వాటికి తలుపు దానంతట అదే పడే బోను పెట్టండి. మేత బోను చివర ఉండాలి, పైన గోనెపట్టా కప్పి ఉంచాలి. ఎండలో పెట్టకూడదు, రాత్రంతా చూడకుండా వదిలేయకూడదు. బోను చుట్టూ కుక్క తిరిగినా చాలు, లోపలున్న కుందేలు గుండె ఆగిపోవచ్చు. ఉచ్చులు మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి.

ఆడ కుందేలు చేతికి రాగానే పొట్ట వైపు చూడండి. చనుమొనల చుట్టూ బొచ్చు పీకేసి, పొదుగు ఉబ్బి ఉంటే ఎక్కడో గూట్లో పిల్లలున్నట్టే. తల్లి రోజుకు ఒకటి రెండు సార్లే, అదీ నాలుగైదు నిమిషాలే పాలిస్తుంది. మిగతా వేళంతా గూటి దారిని మట్టితో పూడ్చేసి దూరంగా ఉంటుంది. అందుకే ఎంత చూసినా గూడు కనబడదు. వామి చుట్టూ ఈమధ్యే కదిలినట్టున్న మట్టి, అందులో బొచ్చు కలిసిన గడ్డి పరకలు ఉన్నాయేమో వెతకండి. దొరికితే ఆ గడ్డి, బొచ్చుతో సహా పిల్లల్ని చిన్న పెట్టెలో పెట్టి తల్లి దగ్గరికి చేర్చండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న భయం పెంపుడు కుందేళ్ల విషయంలో పెట్టుకోనక్కర్లేదు. గూడు దొరక్కపోతే ఆ తల్లిని అదే రోజు అక్కడే వదిలేయండి. బాధగానే ఉంటుంది, కానీ లేకపోతే పిల్లలు భూమిలోనే ఆకలికి చచ్చిపోతాయి. పిల్లలు దాదాపు మూడు వారాలకు బయటికొస్తాయి, అప్పుడు తల్లీపిల్లల్ని కలిపి పట్టవచ్చు.

పట్టిన మొదటి రోజు వాటికి కావాల్సింది నీడ, నీళ్లు, ఎండుగడ్డి, నిశ్శబ్దం. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల ద్వారానే పోవాలి. 30 డిగ్రీలు దాటిన చోట మూసిన పెట్టెలో ఉంచితే ప్రాణానికే ముప్పు. నోరు తెరిచి రొప్పుతుంటే చెవులను తడిగుడ్డతో తుడవండి, చన్నీళ్లలో ముంచకండి. మేతలో ముప్పాతిక భాగం పైగా గడ్డే ఉండాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. దాణా పెట్టాలనుకుంటే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. బ్రెడ్, బిస్కెట్లు, అన్నం ముద్దుగా పెట్టేవాళ్లుంటారు, వాళ్లను దూరంగా ఉంచండి. వాటితో పేగుల్లో కుళ్లు పుట్టి పొట్ట ఉబ్బుతుంది.

పెంటికలు రోజూ గమనించండి. గుండ్రంగా, పొడిగా, నలిపితే గడ్డి పీచు కనిపించేలా ఉంటే పేగులు బాగున్నట్టు. ఒక్కోసారి ద్రాక్షగుత్తిలా జిగటగా, నల్లగా ఒక ముద్ద కనిపిస్తుంది. దాన్ని చూసి పారుడు రోగమని మందు పోసేవాళ్లున్నారు. అది రోగం కాదు, కుందేలు మళ్లీ తినడానికి విసర్జించే మెత్తటి పెంటిక. మామూలుగా నోటితో నేరుగా అందుకుని తినేస్తుంది కాబట్టి మన కంట పడదు. నిజంగా టెన్షన్ పడాల్సింది మేత ముట్టనప్పుడు, పెంటికలు రానప్పుడు. 12 గంటలు అలా గడిచిందంటే తెల్లవారాక చూద్దాం అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుందేలు పిల్లలు నీళ్లగా పారుతూ, పొట్ట ఉబ్బి నీరసిస్తే కాక్సిడియోసిస్ (పేగుల్లో చేరే పరాన్నజీవుల రోగం) కావచ్చు, పేడ పరీక్ష చేయించాలి.

మీరు రాసిన పొక్కులు గజ్జి పురుగుల వల్ల వచ్చినవై ఉంటాయి. చెవి లోపల పొరలు పొరలుగా పేరుకున్న పెచ్చులను గోరుతో పీకకండి, కింద పచ్చి పుండు ఉంటుంది. మందు పడితే వాటంతట అవే రాలిపోతాయి. ఐవర్‌మెక్టిన్‌ను కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కింద సూది వేసి, 10 నుంచి 14 రోజులకోసారి రెండు మూడు విడతలు ఇస్తారు. పశువులకు వాడే 1 శాతం మందు అయితే 2 కిలోల కుందేలుకు తక్కువ మోతాదు లెక్కన 0.04 మిల్లీలీటరే అవుతుంది. కంటికి ఆనని ఆ చుక్కను అంచనాగా వేస్తే మోతాదు ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పలేం, కాబట్టి పశువైద్యుడితోనే వేయించండి. గజ్జి, తామర మనుషులకూ అంటుతాయి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, ఇంట్లో చిన్నపిల్లలను వాటిని ముద్దు చేయనీయకండి. గజ్జి ఉన్నవాటిని, ముక్కు కారుతూ ముందు కాళ్ల బొచ్చు అట్టకట్టినవాటిని మిగతావాటికి దూరంగా ఉంచండి.

ఇంట్లో ఉన్నవే కదా అని వాడితే ప్రాణం తీసే మందులు రెండు రకాలున్నాయి. కుక్కల పిడుదులకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకు విషం. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, కొద్ది రోజుల్లో కుందేలూ చచ్చిపోవచ్చు.

ఆడో మగో తేల్చడం రెండు నెలల లోపు పిల్లల్లో కష్టం, పెద్దవాటిలో సులువు. జననాంగం దగ్గర మెల్లగా నొక్కితే పోతుకు గుండ్రటి గొట్టంలా, ఆడదానికి నిలువు చీలికలా కనిపిస్తుంది. చేతికొచ్చిన పెద్ద ఆడ కుందేలు ప్రతిదీ చూలుతో ఉందనే అనుకుని, 32 రోజుల వరకు విడిగా, గూడు పెట్టెతో ఉంచండి. ఎదిగిన పోతులను ఒకే చోట వేయకండి, వృషణాలు చీరుకునేలా కొట్టుకుంటాయి. పోతులకు ఆపరేషన్ చేయించడం చవకైన, తేలికైన దారి. అయితే ఆపరేషన్ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల వరకు చూలు కట్టించగలవు, అప్పుడే ఆడవాటితో కలపకండి. కుందేలుకు వాంతి రాదు, కాబట్టి ఆపరేషన్‌కు ముందు పస్తు ఉంచాల్సిన పని లేదు, ఉంచకూడదు కూడా.

వీటితోనే పెంపకం మొదలుపెడదామా అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. నేనైతే వద్దంటాను. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల మధ్య పుట్టినవి, ఏ రోగం మోస్తున్నాయో తెలియనివి. పెంచుకునేవాళ్లకు ఇవ్వడమే మేలు. ఆరోగ్యం కుదుటపడ్డాక ఇవ్వండి, ఆపరేషన్ కాని జంటను మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

అడవిలో వదలడం అంటే మీ తలనొప్పిని ఇంకో చోటికి మార్చడమే. పెంచిన కుందేళ్లలో చాలావాటికి దాక్కునే రంగు లేదు, శత్రువును పసిగట్టే అనుభవం లేదు. ఎక్కువ భాగం చచ్చిపోతాయి. ఒకవేళ బతికి పెరిగితే అది ఇంకా ప్రమాదం. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో థామస్ ఆస్టిన్ వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి తెప్పించి వదిలిన కాసిని కుందేళ్ల సంతతి ఆ ఖండంలో చాలా భాగానికి పాకింది. వాటిని అదుపు చేయడానికి అక్కడి ప్రభుత్వాలు వందల మైళ్ల కంచెలు కట్టాయి, 1950లో కుందేళ్లను చంపే మిక్సోమటోసిస్ రోగపు వైరస్‌ను వదిలాయి. ఈనాటికీ బెడద తీరలేదు. ఇక విషం సంగతి. విషం తిన్న కుందేలును మీ కుక్కో, గుడ్లగూబో, గద్దో తింటుంది. ఆ మాట చెప్పినవాళ్లకు ఈ విషయం చెప్పండి.

అన్నీ దొరికాయి అనుకున్నాక మేత పెట్టడం ఒక నెల పాటు ఆపకండి. మేత చుట్టూ మెత్తటి ఇసుక చల్లి ఉంచండి. ముందు రెండు పొడుగాటి అడుగులు, వాటి వెనక ఒకదాని తర్వాత ఒకటిగా రెండు చిన్న అడుగులు పడ్డాయంటే ఇంకా ఒకటి మిగిలిందన్నమాట. గూట్లో మిగిలిన పిల్లలున్నా ఆ నెలలోపే బయటపడతాయి. నెలంతా ఇసుక చెదరకపోతే బొరియలు తవ్వి చూసి, లోపల ఏదీ లేదని నిర్ధారించుకున్నాకే పూడ్చండి.