స్టెంట్ మాత్రలు వాడేవాళ్లు గ్యాస్ మాత్ర వేసుకోవచ్చా? మా నాన్న చొక్కా జేబు సంగతి

మీ మామయ్యగారికి గుండెకి స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడుతున్నారు, మధ్యలో గ్యాస్ మాత్ర వేసుకుంటే ఏమైనా అవుతుందా అని అడిగారు. అది ఏ గ్యాస్ మాత్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ నన్నడిగితే, ముందు ఆయనకి కడుపులో మంట ఎందుకొచ్చిందో కనుక్కోండి.

మాది మదనపల్లె. నాన్నకి పోయినేడాది బెంగళూరులో స్టెంట్ పడింది, అప్పట్నుంచీ మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్నాడు. ఆరో నెల చెకప్‌కి తీసుకెళ్లా. ఆ రోజు సిల్క్ బోర్డు దగ్గరే ట్రాఫిక్‌లో గంట పైన ఇరుక్కుపోయాం, ఆ కథ వద్దులెండి. డాక్టరు బీపీ చూస్తానంటే నాన్న ముందుకు వంగాడు, చొక్కా జేబులోంచి కళ్లజోడుతో పాటు రెండు మాత్రల స్ట్రిప్పు ముక్కలు టేబుల్ మీద పడ్డాయి. కత్తెరతో కోసిన ముక్కలు. ఒకదాని మీద పేరులో చివరి మూడక్షరాలు మిగిలాయి, రెండోదాని మీద అవి కూడా లేవు. "ఇదేను యజమాన్రే?" (ఇదేంటి పెద్దాయనా?) అన్నారు డాక్టరు కన్నడలో. నాన్న ఏమీ జరగనట్టే, "మోకాళ్లకి ఒకటి, కడుపులో మంటకి ఒకటి సార్, రెండూ చిన్నవే" అన్నాడు.

ఈ స్ట్రిప్పులు కోసి అమ్మే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గానీ నాకు ఒళ్లు మండుతుంది. పేరుండదు, ఎక్స్‌పైరీ ఉండదు. ఫోటో తీసి మా వీధి మెడికల్ షాపుకి పంపి, ఫోన్ చేస్తే తెలిసింది: మోకాళ్లకి ఇచ్చింది ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు కలిసిన మాత్ర, గులాబీ రంగు క్యాప్సూల్ గ్యాస్‌కి వాడే ఓమెప్రజోల్. రెండు నెలల నుంచి నడుస్తోందట. డిశ్చార్జిలో రాసిచ్చిన గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్‌ని మాత్రం "నాకు గ్యాసే లేదు కదరా" అని నెలన్నరకే ఆపేశాడు. తర్వాత మోకాళ్ల మాత్రతో మంట మొదలైంది, ఆ మంటకి ఓమెప్రజోల్ కొన్నాడు. అంటే సరైనదాన్ని ఆపి, అదే పనికి సరిపడనిదాన్ని సొంత డబ్బుతో తెచ్చుకున్నాడన్నమాట.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైన భాషలో చెప్తా. రక్తంలో గడ్డ కట్టించే కణం ప్లేట్‌లెట్. ఆస్పిరిన్ దాని లోపల ఒక చోట అతుక్కుంటే ఆ ప్లేట్‌లెట్ బతికే వారం, పది రోజులూ ఇక గడ్డ కట్టించే పనికి సరిగా రాదు. ఐబుప్రొఫెన్ ముందే వచ్చి ఆ చోట కూర్చుంటుంది, మన బస్సుల్లో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు. ఆస్పిరిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు, సీటు ఖాళీ అయ్యేసరికి అది దిగి వెళ్లిపోయి ఉంటుంది. అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే సంస్థ ఎఫ్‌డీఏ 2006లోనే దీని గురించి చెప్పింది: ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాతో, లేదంటే ఎనిమిది గంటల కంటే ముందో ఐబుప్రొఫెన్ వేసుకోవాలని. కానీ ఆ లెక్క మామూలు ఆస్పిరిన్‌కి. మనవాళ్లకి రాసే 75 మిల్లీగ్రాముల మాత్ర ఎక్కువగా పైన కోటింగ్ ఉన్నది, దానికి ఆ టైములు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. పైగా స్టెంట్‌కి వాడే రెండు మాత్రల మీద నొప్పి మాత్ర కూడా పడితే కడుపులో రక్తం కారే భయం వేరే.

క్లోపిడోగ్రెల్‌ది ఇంకో రకం. ఆ మాత్ర మింగినంత మాత్రాన పనిచెయ్యదు, లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మందుగా మార్చాలి. ఓమెప్రజోల్, ఎసోమెప్రజోల్ సరిగ్గా ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి. ఒకటి పొద్దున, ఇంకోటి రాత్రి వేసుకుంటే సరిపోతుందనుకుంటారు, పన్నెండు గంటల తేడా ఉన్నా లాభం లేదని ఎఫ్‌డీఏ 2009 హెచ్చరికలోనే ఉంది. నిజం చెప్పాలంటే 2010లో వచ్చిన కోజెంట్ అనే ట్రయల్‌లో, అంటే రోగుల మీద మందుల్ని పరీక్షించిన అధ్యయనంలో, ఓమెప్రజోల్ వాడినవాళ్లకి గుండెపోట్లు పెరగలేదు, కడుపులో రక్తస్రావం తగ్గింది కూడా. అయితే ఆ ట్రయల్ మధ్యలోనే ఆగిపోయింది. ఆ వాదన డాక్టర్లు చూసుకోనీ, క్లోపిడోగ్రెల్ మీద పాంటాప్రజోల్ ప్రభావం చాలా తక్కువని తెలిశాక మా నాన్న మీద ప్రయోగం నాకెందుకు?

మొత్తమ్మీద స్టెంట్ కోసం రాసినవి రెండు మాత్రలు, జేబులో దొరికినవీ రెండే, ఒక్కోటీ ఒక్కోదానికి అడ్డం. ఏ డాక్టరూ రాయలేదు, ఏ చీటీలోనూ లేవు. నాన్న దగ్గరైతే ఒకటే జవాబు: "అవి మందులు కాదురా, ఒట్టి గ్యాస్ మాత్రలు."

మీ మామయ్యగారికి క్లోపిడోగ్రెల్ బదులు టికాగ్రెలార్ ఉంటే ఓమెప్రజోల్ గొడవ లేదు, కానీ టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ దాని బలం తగ్గిస్తాయి, క్లారిత్రోమైసిన్ పెంచుతుంది. ఇదంతా చదివి భయపడి స్టెంట్ మాత్రలు గానీ, డాక్టరు రాసిన గ్యాస్ మాత్ర గానీ ఆపేయకండి. రేపు వీలైతే ఆయన చొక్కా జేబు, దిండు కింద, ఫ్రిజ్ మీద ఉన్నవన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టరు ముందు కుమ్మరించండి.

మా నాన్న జేబు నేను ఇప్పటికీ వారానికోసారి తడుముతా. మొన్న మళ్లీ ఒకటి దొరికింది, పారాసెటమాల్. కోయని స్ట్రిప్పు, పేరు మొత్తం కనిపిస్తోంది. ఏమీ అనకుండా మళ్లీ జేబులోనే పెట్టేశా.